దోర్సిలా విన్న పిట్ట

మా తోటికోడలు దోర్సిలా నోరు ఊరికే ఉండేది కాదు. తుంగ కోస్తున్నా, చాప అల్లుతున్నా, నెత్తిన నీళ్ళబిందె ఉన్నా సరే, ఎవరో ఒకరిని ఆటపట్టిస్తూనే ఉండేది. నేను అసెంబో నుంచి కొత్తకోడలిగా కలాండోలో అడుగుపెట్టిన రోజున అందరూ నా మొహమూ నా మూటా చూస్తుంటే, ఆవిడ మాత్రం నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసింది.

"ఇంత మెత్తగా ఉన్నాయేమే అసెంబో పిల్లా! మీ ఊళ్ళో చేతులతో పని చెయ్యరా?"

"మా ఊళ్ళో తుంగ లేదక్కా."

"ఇక్కడ అదొక్కటే ఉంది. నాలుగు రోజులు ఆగు, ఈ చేతులు నీవేనా అని నువ్వే అడుగుతావు."

మర్నాడే నన్ను మోకాటి లోతు నీళ్ళలోకి దింపింది. మా ఇళ్ళకీ సరస్సుకీ మధ్య ఉన్నదంతా తుంగే. మనిషికి రెండింతల ఎత్తు, కొసన జుట్టు విరబోసుకున్నట్టు ఆకుపచ్చ కుచ్చులు. కింద గట్టి నేల ఉందో, నీళ్ళ మీద తేలే వేళ్ళ పరుపు ఉందో కాలు మోపితే తప్ప తెలియదు. ఏ కాడ చాపకి పనికొస్తుందో, నీటిగుర్రాలు ఏ దారిన తిరుగుతాయో, అన్నీ ఆవిడే నేర్పింది. ఆ పిట్టని నాకు వినిపించిందీ ఆ రోజే.

ముందు ఒక ఈల వచ్చింది, సీసా మూతి మీద ఊదినట్టు నిండుగా. ఆ ఈల పూర్తి కాకుండానే, ఎండుకొమ్మని బరికినట్టు ఒక గరగర. నేను ఒకటే పిట్ట అనుకున్నాను.

"రెండు," అంది దోర్సిలా, కోసిన కాడలు భుజాన వేసుకుంటూ. "ఈల మొగుడిది, గరగర పెళ్ళాంది. ఆయన నోరు తెరవడమే ఆలస్యం, ఈవిడ అందుకుంటుంది."

"మీ ఇద్దరిలాగా."

"మా ఇంట్లో గరగర ఒక్కటే. ఈల వెయ్యడానికి ఆయనకి సందేదీ?" అని నవ్వింది.

చాలాసేపటికి గానీ అది నా కంట పడలేదు. నల్లటి వీపు, పసుపు నెత్తి, పండుమిరపకాయ లాంటి ఎర్రటి రొమ్ము. ఒక్క క్షణం కాడ మీద కనపడి మళ్ళీ లోపలికి జారిపోయింది. అన్ని రంగులు పెట్టుకుని అంత పచ్చలో ఎలా దాక్కుంటుందా అని ఆశ్చర్యపోయాను. తుంగలోనే పుట్టి, తుంగలోనే గూడు కట్టి, తుంగలోనే పోతుంది. ఒడ్డున చెట్లున్నా వాటి మీదకి రాదు.

ఆవిడ భర్త నాషోన్ ఒసుంబా మా ఆయన జారెద్‌కి అన్నగారు. మాటలు తక్కువ మనిషి. తుంగ మధ్య సన్నకాలవల్లో ఊతబుట్టలు పెట్టి బురదచేపలు పట్టేవారు. పగలంతా అక్కడ ఒంటరిగా గడపడంతో పిట్టల గొంతులన్నీ ఆయనకి పట్టుబడ్డాయి. ఈ ఎర్రరొమ్ము పిట్ట ఈల అయితే అచ్చం దానిలాగే వేసేవారు. అది విని మగపిట్ట, ఇంకో మగవాడెవడో తన చోటికి వచ్చాడనుకుని, కోపంగా కాడ కొసకి ఎగబాకేది. దాని వెనకే ఆడది.

ఆ సంగతి ఎలా పాకిందో గానీ, కిసుము పట్నం నుంచి పిట్టల్ని చూసే జనం కార్లలో రావడం మొదలుపెట్టారు. మెడలో దుర్భిణులు, నెత్తిన పెద్ద టోపీలు. పిట్ట కోసం సముద్రాలు దాటి వచ్చేవాళ్ళుంటారని మాకు మొదట్లో నమ్మకం కలగలేదు. బావగారు వాళ్ళని దోనెలో తీసుకెళ్ళి, ఒకచోట తెడ్డు పైకి తీసి, పెదాలు తడుపుకుని ఈల వేసేవారు. పిట్ట వచ్చేది. ఊతల్లో చేప పడని వారాల్లో కూడా ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు బెరిల్ బోర్డింగు స్కూలుకి వెళ్ళిందంటే ఆ పిట్ట చలవే.

తర్వాత బావగారికి దగ్గు పట్టుకుంది. క్షయ అన్నారు. మాత్రలు మింగారు, తగ్గలేదు. మందులకి లొంగని రకమట. ఇక రోజూ సూది పొడిపించుకోవాలన్నారు, అదీ నెలల తరబడి. పొద్దున్నే ఆసుపత్రికి నడిచి వెళ్ళి, మధ్యాహ్నానికి నడిచి వచ్చి, కూర్చోలేక పక్కకి ఒరిగి పడుకునేవారు. "చెవుల్లో హోరు మొదలైతే వెంటనే చెప్పాలి. ఈ మందుతో అదొక్కటే భయం," అని నర్సమ్మ మొదటిరోజే చెప్పింది. హోరు మొదలైంది. ఆయన ఎవరికీ చెప్పలేదు.

అది బయటపడిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. నలుగురం వాకిట్లో కూర్చుని సంకటీ చేపా తింటున్నాం. ఇళ్ళ వెనక తుంగ అంచునే ఆ జంట కూసింది. అంత దగ్గరికి ఎప్పుడో గానీ రావు. దోర్సిలా చేతిలో ముద్ద చేతిలోనే ఆపి విన్నది. బావగారు తల ఎత్తలేదు.

"బెరిల్ నాన్నా, విన్నావా?"

"ఆఁ."

"ఏం విన్నావు?"

"నువ్వన్నదే."

"నేనేమన్నాను?"

బావగారు ముల్లు తీసుకుంటూ, "ఇంకొంచెం చారు పోయమన్నావు," అన్నారు.

ఎవరం నవ్వలేదు. దోర్సిలా లేచి ఆయన వెనక్కి వెళ్ళి చప్పట్లు కొట్టింది. ఆయన తింటూనే ఉన్నారు. ఇంకా గట్టిగా కొట్టింది. మా మొహాలు చూసి ఆయనకి అర్థమైంది. చెయ్యి పళ్ళెంలో పెట్టేసి నేల చూపులు చూశారు.

ఆవిడ ఎదురుగా వచ్చి కూర్చుంది. "ఎప్పణ్ణించి?" అని అరిచింది.

"సూది ఆపేస్తారని చెప్పలేదు. ఆపితే పోతాను. పిల్లది చదువు మధ్యలో ఉంది."

"పిట్ట వినపడకపోతే పిల్లది చదివేదేంటి? నువ్వు చేసేదేంటి?"

"చచ్చినవాడికి మాత్రం వినపడుతుందా?"



మర్నాడు ఆయన్ని వెంటపెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. నర్సమ్మ కోప్పడింది, మందు తగ్గించింది, కానీ పోయిన వినికిడి ఇక రాదని చెప్పేసింది. జబ్బు నయమైంది. ఒళ్ళు వచ్చింది, మళ్ళీ తెడ్డు పట్టారు. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే ఒకటీ అరా మాట అందేది. నీటిగుర్రం గుర్రుమంటే గుండెల్లో తెలుస్తుందనేవారు. పిట్ట కూత మాత్రం ఇక అందలేదు.

వానలు తగ్గాక మళ్ళీ కారు వచ్చింది. బావగారు ఇంట్లోంచి బయటికి రాలేదు. "లేనని చెప్పు," అని గోడవైపు తిరిగి కూర్చున్నారు. దోర్సిలా తెడ్డు తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది. తనని చూపించి, తన చెవిని చూపించి, రేవు వైపు చూపించింది.

మా రేవులో ఆడది దోనె ఎక్కితే చేపలు పడవని ఒక పట్టింపు. ఆవిడ నడుముకి చుట్టుకున్న గుడ్డ మోకాళ్ళదాకా ఎగదోపుకుని ఎక్కుతుంటే ఇంకో దోనెవాడు ఒవాగా ఒడ్డునుంచి కేకేశాడు.

"ఏం నాషోన్! ఇంట్లో పోరు చాలక నీళ్ళమీదకి కూడా తెచ్చుకుంటున్నావా?"

"ఊరుకోరా ఒవాగా," అంది దోర్సిలా. "నీకు చేపలు పడకపోవడానికి నేను ఎక్కక్కర్లేదు. నీ మొహం చూసే అడుక్కి పోతున్నాయి."

రేవంతా గొల్లుమంది. బావగారికి ఒక్కముక్క వినపడకపోయినా అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వారు.

వచ్చినవాళ్ళు ముందు కూర్చునేవారు. బావగారు వెనక తెడ్డు వేసేవారు. ఆవిడ ఆయన ముందు, ఆనుకుని కూర్చునేది. పిట్ట కుడివైపు కూస్తే ఆయన కుడి మోకాలు నొక్కేది, ఎడమవైపు కూస్తే ఎడమది. దూరమైతే మెల్లగా, దగ్గరైతే గట్టిగా. చిక్కల్లా ఈలతో వచ్చింది. తన ఈల తనకే వినపడక అది గతి తప్పింది. మొదటిసారి పిట్ట రాలేదు. అందుకని ఇద్దరూ పొద్దుటిపూట రేవు చివర కూర్చుని సాధన చేశారు. ఆయన ఈల వెయ్యడం, ఆవిడ అరచెయ్యి పైకి లేపడమో కిందికి దించడమో చెయ్యడం. పిల్లలు చుట్టూ మూగి ఆ చెయ్యిని వెక్కిరిస్తుంటే తడి తుంగతో వాళ్ళ కాళ్ళమీద ఒక్కటి అంటించేది. కొన్నాళ్ళకి పెదాలెంత ముడవాలో, ఊపిరెంత వదలాలో ఆయనకి ఒంటికే తెలిసింది. పిట్ట మళ్ళీ కాడ కొసకి ఎక్కింది.

ఆ వచ్చేవాళ్ళకి చివరిదాకా తెలియదు. ఒకసారి ఒక ముసలి దొరసాని దోనె దిగుతూ, ఇన్ని దేశాలు తిరిగాను గానీ ఇంత చురుకైన చెవులున్న మనిషిని చూడలేదని డ్రైవరు చేత చెప్పించిందట. దోర్సిలా నవ్వు ఆపుకోలేక తుమ్ములు నటించింది. ఇంటికొచ్చాక మా అందరి ముందూ ఆ దొరసానిలా నడిచి, తనలా తుమ్మి, బావగారిలా బిక్కమొహం పెట్టి చూపించింది. నవ్వి నవ్వి మా ఆయనకి పొలమారింది.

అవి మంచి ఏళ్ళు. బెరిల్ చదువు పూర్తిచేసి ఎల్డోరెట్‌లో ఒక కొట్లో పనికి కుదిరింది, అక్కడే పెళ్ళి చేసుకుంది. దోర్సిలా చాపలు అల్లుతూనే ఉంది, దోనె ఎక్కుతూనే ఉంది.

ఒక ఏడాది చివర రావాల్సిన చిన్నవానలు మొహం చాటేశాయి. సరస్సు వెనక్కి తగ్గింది. తుంగ మొదళ్ళ దగ్గర ఎప్పుడూ నీళ్ళుండే చోట నల్లటి మెత్తటి నేల బయటపడింది. చేలల్లో మొక్కజొన్న మోకాటి ఎత్తునే ఎండిపోయిన మాకు ఆ నేల కళ్ళముందు ఊరిస్తూ ఉండేది. జారెద్ కూడా, ఇక్కడ చామదుంపలు, అక్కడ ఆకుకూరలు అని లెక్కలు వేసుకున్నాడు. ఏటా ఎండల్లో కొంచెం కొంచెం తుంగ తగలబెట్టడం మాకు అలవాటే. లేత మోసులు వస్తాయని పశువులున్నవాళ్ళు పెడతారు. ఆ ఏడు ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. గాలి తిరిగింది.

తుంగ కాలితే కాడలు టపాకాయల్లా పేలతాయి. అంత చప్పుడు నేను మళ్ళీ వినలేదు. ఆడవాళ్ళం గోనెసంచులు తడిపి అంచు వెంట కొట్టాం. నేను పొగకి తట్టుకోలేక బయటపడ్డాను గానీ దోర్సిలా మాత్రం నడుంలోతు బురదలో నిలబడి కొడుతూనే ఉంది. చివరికి జారెద్ వెళ్ళి రెక్క పట్టి లాక్కొచ్చాడు. కనుబొమలు కాలిపోయాయి. "వదలరా, పిట్టలుండే ఆ మలుపు దాకా వెళ్ళకుండా ఆపితే చాలు," అంటూనే ఉంది. మంట ఆగలేదు. బావగారు రేవులో దోనె పక్కన నిలబడి చూశారు. పొగలోంచి పిట్టలు లేచి సరస్సు మీదకి పోతుంటే తల తిప్పుతూ వాటినే చూశారు. ఎగరలేని పిల్లలు ఎన్ని గూళ్ళలో ఉన్నాయో ఆయనకి తెలిసే ఉంటుంది. 

రోజుల తరబడి బూడిద రాలింది. వండిన సంకటిలో బూడిద, ఆరేసిన చాపల మీద బూడిద. మంటలు చల్లారాక చూస్తే మా వైపంతా నల్లటి మోడులు. అవతల ఏరు సరస్సులో కలిసే మొగ దగ్గర మాత్రం ఒక పచ్చటి గీత మిగిలింది. అక్కడికి పోదామంటే మధ్యలో గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుని దోనె కదలదు. తర్వాత ఒకే ఒక్క కారు వచ్చింది. దిగినవాళ్ళు రేవులో కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

కాలిన నేలని ఊళ్ళో అందరం పంచుకున్నాం. మేమూ చామదుంపలు పెట్టాం. బావగారికీ ఒక చెక్క నేల వచ్చింది.

ఆ రోజుల్లోనే దోర్సిలా ఆదివారాలు చర్చి అయ్యాక ఆయన్ని దోనెలో బయలుదేరదీయడం మొదలుపెట్టింది. చాపలకి కాడలేమైనా మిగిలాయేమో వెతకాలని ఒకసారి నేనూ ఎక్కాను. నేను ముందు కూర్చున్నాను, ఆవిడ ఎప్పటిలాగే ఆయన్ని ఆనుకుని. పాత కాలవలోకి వెళ్ళాం. రెండువైపులా బొగ్గులా మోడులు, వాటి మధ్య జానెడు జానెడు పచ్చటి మొలకలు. కప్పల బెకబెక, ఎక్కడో దూరంగా ఎవరిదో రేడియో. అంతే.

ఆవిడ చెయ్యి ఆయన ఎడమ మోకాలి మీద పడింది. ఆయన తెడ్డు ఆపారు. పెదాలు తడుపుకుని ఎడమవైపు తిరిగి ఈల వేశారు. ఆగారు. నేను చెవులు రిక్కించాను. ఏమీ లేదు. ఆవిడ మళ్ళీ నొక్కింది, ఈసారి గట్టిగా. ఆయన మొహం మెత్తబడింది. ఆ తర్వాత మలుపు దగ్గర ఇంకోసారి, కుడివైపు.

ఒడ్డుకి వచ్చాక ఆయన దోనె కడుతుంటే నేను ఆవిణ్ణి పక్కకి లాగాను.

"అక్కా, ఏదీ పిట్ట?"

"ముందు నీ చెవుల్లో గుబిలి తీయించుకో."

"నిజం చెప్పు."

దగ్గొచ్చి ఆగింది. మంట రోజునుంచీ ఆ దగ్గు వదల్లేదు. "ఉంటే బావుండేదిగా," అంది.

"బావగారికి తెలిస్తే?"

"నువ్వు చెప్తేనే తెలుస్తుంది. చెప్పావంటే మాత్రం నీకూ నాకూ మాటల్లేవు." నాకు అదెంత పెద్ద బెదిరింపో ఆవిడకి తెలుసు.

ఆ దగ్గుని పొగ పట్టేసిందని ఆవిడ అంది. పొగే అని మేమూ అనుకున్నాం. మాలో చాలామందికి అప్పుడు దగ్గులే. మా అందరివీ పోయాయి, ఆవిడది పోలేదు. రాత్రుళ్ళు గోడ అవతలనుంచి నాకు వినపడేది. పక్కనే పడుకున్న బావగారికి వినపడేది కాదు. ఆయన చెవులే బాగుంటే మొదటి వారంలోనే పట్టేసేవారు. అది ఆయన ఒంట్లో నెలల తరబడి కాపురం చేసిన దగ్గు. ఆవిడ చిక్కిపోతోందని ఆయన గమనించారు గానీ, ఆ ఏడు చిక్కనిదెవరు?

ఒకరోజు ఆవిడ నెత్తికి కట్ట ఎత్తబోతూ బావగారు ఆవిడ వీపుమీద చెయ్యి వేశారట. అప్పుడే ఆవిడకి దగ్గు తెర వచ్చింది. ఆయన చెయ్యి తియ్యలేదు. కట్ట కింద పడేసి, రెండో చెయ్యి కూడా వేసి, తెర అంతా అయ్యేదాకా అలాగే పట్టుకున్నారు. తర్వాత ఆవిడ మణికట్టు పట్టుకుని, బురదకాళ్ళతోనే ఆసుపత్రి దారి పట్టించారు. "కాళ్ళు కడుక్కోనియ్యి, జనం చూస్తారు," అని ఆవిడ అరుస్తూనే ఉంది. దారిపొడుగునా నేను వెనక పరుగెత్తాను.

అదే జబ్బు. అవే సూదులు. నర్సమ్మ మళ్ళీ ఆ మాటే చెప్పబోతుంటే దోర్సిలా అడ్డం వచ్చింది. "తెలుసమ్మా. హోరు మొదలైన రోజే పరుగెత్తుకొస్తాను. మా కొంపలో పనిచేసేవి ఈ రెండు చెవులే." నర్సమ్మ నవ్వింది. తర్వాత నన్ను బయటికి పిలిచి, చాలా ఆలస్యమైంది, ఊపిరితిత్తుల్లో పెద్దగా ఏమీ మిగల్లేదు అని చెప్పింది.

మందు ఆ చెవుల్ని చెడగొట్టేదాకా ఆవిడ ఉండనేలేదు. పెద్దవానలు మొదలైన వారం, మధ్యాహ్నం పూట పోయింది. బావగారు మంచం పక్కన కూర్చుని ఆవిడ పెదాలవంకే చూస్తున్నారు. అప్పటికి పెదాలు చూసి సగం మాటలు పట్టడం నేర్చుకున్నారు. నేను పొయ్యి దగ్గర అంబలి కాస్తున్నాను. రేకుల మీద వాన పెద్ద హోరు. ఆవిడ ఏదో అంది. ఆయన నావైపు తిరిగి, "ఏమంది?" అన్నారు.

నాకు వినపడలేదు. వానలో వినపడలేదని చేతులతో చెప్పాను. ఆయన మళ్ళీ ఆవిడవైపు తిరిగి, ఇంకోసారి చెప్పమన్నట్టు మొహం దగ్గరగా పెట్టారు. ఆవిడ ఇక చెప్పలేదు.

ఆచారం ప్రకారం ఇంటికి ఎడమవైపున పాతిపెట్టాం. సేమే నుంచి ఆవిడ పుట్టింటివాళ్ళు రెండు లారీల్లో వచ్చారు. ఏడుపులు రేవుదాకా వినపడ్డాయి. బావగారు కుర్చీలో కూర్చుని అందరి నోళ్ళూ చూస్తున్నారు. నేను టీ ఇవ్వడానికి వంగినప్పుడు, తను మెల్లగానే మాట్లాడుతున్నాననుకుని ఆయన గట్టిగా అడిగారు.

"గట్టిగా ఏడుస్తున్నారా?"

"గట్టిగానే బావగారూ," అని చెవిలో అరిచాను.

"ఊఁ. బాగా నోరున్న మనిషి. మెల్లగా ఏడిస్తే ఒప్పుకోదు."

బెరిల్ తనతో ఎల్డోరెట్ రమ్మని ఏడ్చింది. ఆయన వెళ్ళలేదు. చావు తర్వాత జరగాల్సినవన్నీ అయ్యాక ఒకరోజు మా వాకిట్లో తుంగకాడలు ఏరిపెడుతూ, నేనడక్కుండానే అన్నారు.

"ఆ ఆదివారాలు పిట్ట లేదు."

నేను చేతిలో పని ఆపేశాను.

"అది కూస్తే కాడ కొస ఊగుతుంది. నాకు కళ్ళున్నాయి కదా. ఊగడానికి అసలు కాడలే లేవు."

"మరి ఈల ఎందుకు వేశారు బావగారూ?" అని అరిచాను.

ఆయన కాడ ఒకటి తీసి, అది పనికొస్తుందా లేదా అని వంచి చూశారు. "అంత శ్రమపడి అబద్ధం ఆడుతుంటే, ఎలా కాదంటాను?" అన్నారు. ఆ కాడని మంచివాటి పక్కన పెట్టి ఇంకోటి తీశారు.

ఏడాది తిరిగాక పెద్దలు ఆయనకి ఒక విధవరాలిని కుదర్చబోయారు. ఆమె వచ్చి, కూర్చుని, మంచిగానే మాట్లాడింది. బావగారు టీ ఇచ్చి, దారిదాకా సాగనంపి వచ్చి జారెద్‌తో అన్నారు. "పాపం, ఆవిడకి గొంతు చిన్నది. నాతో కాపురం చేస్తే నెలకే ఎండిపోతుంది. వద్దని చెప్పరా."

ఒవాగా ఇప్పుడు ఫోనులో పిట్ట గొంతు పెట్టుకుని, రెండో రేవు నుంచి ఏటి మొగ దాకా జనాన్ని తీసుకెళ్తున్నాడు. ఒకటి రెండు జంటలు అక్కడ ఉన్నాయని చెప్పాడు. తనతో రమ్మని బావగారిని అడిగాడు, వేళాకోళానికి కాదు, మనస్ఫూర్తిగానే. ఆయన తల అడ్డంగా ఊపారు. దోనె అమ్మేశారు.

ఇప్పుడాయనకి మిగిలింది కాలిన నేలలో ఆ చెక్క ఒక్కటే. ఈ ఏటి పెద్దవానల తర్వాత అందరి చేలల్లోనూ చామదుంపల మధ్య తుంగ మోసులు తన్నుకొచ్చాయి. దాని వేరు నేలలో బతికే ఉంటుంది. మేమంతా వారం వారం పీకి పారేశాం. ఆయన పీకలేదు. దుంపల చుట్టూ కలుపు తీసేవారు, ఒడ్డు సరిచేసేవారు, తుంగ జోలికి మాత్రం పోయేవారు కాదు. అది నడుం ఎత్తయింది, తర్వాత తలదాటింది. దుంపలకి ఎండ లేకుండా పోయింది.

జారెద్‌కి ఒళ్ళు మండింది. గట్టుమీద నిలబడి చేతులతో, నోటితో అరిచాడు. "అన్నయ్యా, నువ్వు దుంపలు వేశావా, తుంగ వేశావా? మా చేలోకి పాకుతోంది!"

"మీ వైపు వస్తే పీకెయ్యి," అన్నారు బావగారు. "నేనేమీ అనను."

పిట్టలు ఆ కాస్త తుంగలోకి రాలేదు. వాటికి అంతకంటే చాలా పెద్ద అడవి కావాలి. నేను అప్పుడప్పుడు గట్టుమీద ఆగి చూస్తాను. గాలికి కుచ్చులు ఊగుతాయి, లోపల ఏదో చిన్న గోధుమరంగు పిట్ట కిచకిచమంటుంది. ఇది వేరే రకం, ఎక్కడైనా ఉండేదే.

ఈ ఏడు ఆయన చేలో దుంపలు తట్టకి కూడా రాలేదు. అందుకే రెండు పూటలా మా ఇంట్లోనే తింటున్నారు. ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటారు. జారెద్ ఇంకా కోపంగానే ఉన్నాడు, పళ్ళెం వంకే చూస్తూ తింటాడు. నేను ఆయనకి సంకటి విరిచి, చేపలో మెత్తటి ముక్క ఏరి వేస్తాను. ఆయన నా పెదాలవంక చూస్తారు, ఏమైనా అంటానేమోనని.  తినమని చేత్తో చూపిస్తాను.